కల్యాణం లైవ్‌కు ముందు సర్వర్‌లో చూసుకోవాల్సినవి

శ్రీరామనవమికి సొంత సర్వర్ నుంచి లైవ్ ఇచ్చేవాళ్లు ముందురోజే ఇవి సరిచూసుకోండి.

– ఎంతమందిని రానివ్వాలో పరిమితి పెట్టండి. 1 జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) లైన్‌లో 4 ఎంబీపీఎస్ వీడియో లెక్కకు 250 మందికి వస్తుంది. 200 దగ్గరే ఆపండి, బిట్‌రేట్ (సెకనుకు వెళ్లే వీడియో డేటా) ఎగిరితే మిగులుండాలి. పరిమితి లేకపోతే తలంబ్రాల వేళ కొత్తవాళ్లు వచ్చిపడి, అప్పటిదాకా చక్కగా చూస్తున్నవాళ్లకూ బొమ్మ ఆగిపోతుంది.

– ఆపేది కొత్తవాళ్లు మొదటిసారి ప్లేలిస్ట్ (ఏ వీడియో ముక్కలు తెచ్చుకోవాలో ప్లేయర్‌కు చెప్పే జాబితా) అడిగినప్పుడే. వీడియో ముక్కల దగ్గర ఆపితే మధ్యలో ఉన్నవాళ్లు బయటపడతారు, అది మరీ అన్యాయం.

– 480పీతో పాటు ఆడియో ఒక్కటే ఉండే స్ట్రీమ్ పెట్టండి. నెట్ తగ్గినా మంత్రాలు వినిపిస్తాయి.

– "ఇప్పుడు ఖాళీ లేదు, కాసేపాగి రండి" అని చూపించండి. లేదంటే రిఫ్రెష్ కొడుతూనే ఉంటారు.

– టెస్ట్ మొబైల్ డేటాతో చేయండి. ఆఫీసు వైఫైలో అంతా బాగానే కనిపిస్తుంది.