కెమెరాకు జీపీఎస్ – మూడో పాఠం: బ్యారేజీ మీద నుంచి ఉండవల్లి దాకా

గత పాఠంలో జీపీఎస్ పరికరాన్ని (తీసిన చోటును ఫోటోలోనే అంకెలుగా రాసేది) ఫ్లాష్ పెట్టే హాట్ షూలో బిగించి, మెనూలో ఆన్ చేసుకోవడం వరకు వచ్చాం. ఈసారి బయటికి వెళ్దాం. విజయవాడ, గుంటూరు వాళ్లకు ప్రాక్టీసుకు ఇంతకంటే మంచి దారి లేదు: ప్రకాశం బ్యారేజీ, అది దాటితే సీతానగరం, అక్కణ్నుంచి ఉండవల్లి గుహలు. ఒక పూటలో అయిపోతుంది. అడ్డంలేని ఆకాశం, ఇనుప గేట్లు, రాతి గుహ... జీపీఎస్‌కు కలిసొచ్చేవీ, గిట్టనివీ అన్నీ ఈ దారిలోనే తగులుతాయి.

బ్యారేజీ దగ్గరికి చేరగానే ఫోటోలు మొదలుపెట్టకండి. పరికరం ఆన్ చేసి, కెమెరాను ఆకాశం బాగా కనబడే చోట కదలకుండా పెట్టుకుని కాసేపు ఆగండి. నడుస్తూనో, బండి వెనక కూర్చునో ఆన్ చేస్తే పని ఆలస్యమవుతుంది. దానికి కారణం ఉంది. జీపీఎస్ శాటిలైట్లు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కో శాటిలైటు తాను సరిగ్గా ఎక్కడుందో చెప్పే సమాచారాన్ని 30 సెకన్లకోసారి పంపుతూ ఉంటుంది. ఆ సమాచారం మధ్యలో తెగిందంటే, మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. అది పూర్తిగా అందేలోపు మీరు చెట్టు కిందికో ఫ్లైఓవర్ కిందికో వెళ్లిన ప్రతిసారీ ఈ తంతు మొదటికొస్తుంది. చోటు, ఎత్తు రెండూ తేలాలంటే కనీసం నాలుగు శాటిలైట్లు చిక్కాలి. నికాన్ జీపీ-1ఎ వాడేవాళ్లకు ఇది లైటు చూస్తేనే తెలుస్తుంది: ఎర్ర లైటు కొట్టుకుంటుంటే ఇంకా ఏమీ దొరకలేదు, పచ్చ లైటు కొట్టుకుంటుంటే మూడు దొరికాయి, పచ్చ లైటు నిలకడగా ఉంటే నాలుగో అంతకంటే ఎక్కువో దొరికాయి. నిలకడ పచ్చ వచ్చాకే షట్టర్ నొక్కండి. రాత్రి రైలెక్కి అరకులో దిగి ఆన్ చేసినప్పుడు ఇంకొంచెం ఎక్కువ సేపు పట్టినా కంగారు పడకండి. పాత ఊరి లెక్కలు అక్కడ పనికిరావు, అన్నీ కొత్తగా వెతుక్కుంటుంది.

ఇక బ్యారేజీ మధ్యకు నడవండి. దీని పొడవు 1,223 మీటర్లు, కాబట్టి మధ్యలో నిలబడితే రెండు ఒడ్డులూ బాగా దూరం. పడమర వైపు, అంటే నీళ్లు నిలిచిన వైపు తిరిగి ఒక ఫోటో తీయండి. తర్వాత ప్లే బటన్ నొక్కి, సమాచారం చూపించే పేజీకి వెళ్లండి. దాదాపు ఇలాంటి అంకెలు కనబడతాయి:

ఉత్తరం 16° 30.4′, తూర్పు 80° 36.3′

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ అంకెలను చూసి ఫోన్ మ్యాపులో 16.304, 80.363 అని కొడతారు. మ్యాపు తీసుకెళ్లి గుంటూరు కూడా దాటించి, పడమరగా పేరేచర్ల వైపు పొలాల్లో దింపుతుంది. పరికరం పాడైందని తిట్టుకుంటారు. పాపం, దాని తప్పేం లేదు. డిగ్రీ పక్కన ఉన్న 30.4 దశాంశం కాదు, నిమిషాలు. ఒక డిగ్రీకి 60 నిమిషాలు. 30.4ను 60తో భాగిస్తే 0.5067 వస్తుంది. 36.3ను భాగిస్తే 0.605. కాబట్టి మ్యాపులో కొట్టాల్సింది 16.5067, 80.605. ఇప్పుడు చూడండి, కృష్ణ మీదే ఉంటారు. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్కలన్నీ తానే చేసేస్తుంది, నిజమే. అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడండి. తర్వాత ఎప్పుడైనా అంకెలు తేడా కొడితే, తప్పు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

ఇంకో కొండగుర్తు: అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు. దశాంశంలో నాలుగో స్థానం, అంటే 0.0001, సుమారు 11 మీటర్లు. ఆరుబయట మంచి సిగ్నల్ ఉన్నా మన పరికరం కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఏడెనిమిది దశాంశాలు చూసి మురిసిపోవడం దండగ. నాలుగైదు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. సీతానగరం వైపు దిగి, నది అంచున నిలబడి, అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రిని టెలీ లెన్స్‌తో (దూరాన్ని దగ్గరగా చూపేది) తీయండి. ఫ్రేము నిండా అమ్మవారి కొండే ఉంటుంది. లొకేషన్ చూస్తే సీతానగరం! జీపీఎస్ రాసేది కెమెరా ఉన్న చోటు. కెమెరా చూస్తున్న చోటు ఏదో దానికి తెలియదు. ప్రయాణాల్లో దూరం నుంచి తీసే కోటలు, కొండలు, ద్వీపాలు అన్నింటికీ ఇదే లెక్క. మ్యాపులో ఇంద్రకీలాద్రిని నొక్కి ఫోటోల కోసం వెతికితే ఈ ఫోటో రాదు. నన్నడిగితే ఇది లోపం కాదు, లాభమే. రెండేళ్ల తర్వాత అదే కోణంలో వానాకాలం ఫోటో కావాలంటే, కొండ ఎక్కడుందో ఎవరైనా చెప్తారు, మీరు నిలబడ్డ బండ ఎక్కడుందో ఈ అంకెలే చెప్పాలి.

కొన్ని పరికరాలు కెమెరా ఏ దిక్కు చూస్తోందో కూడా రాస్తాయి. కెనాన్ జీపీ-ఈ2లో డిజిటల్ దిక్సూచి ఉంది, నికాన్ జీపీ-1ఎలో లేదు. దిక్సూచి ఉన్నవాళ్లు బ్యారేజీ మీద పడమర ఫోటో తీసినప్పుడు 270 డిగ్రీల దగ్గర రావాలి. రాకపోతే ముందు గేట్ల ఇనుమును, రెయిలింగును అనుమానించండి. దూరంగా జరిగి, మాన్యువల్లో చెప్పినట్టు కెమెరాను అటూ ఇటూ తిప్పి దిక్సూచిని సరిచేసుకుని మళ్లీ తీయండి. దిక్సూచి లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. క్యాప్షన్‌లో ‘సీతానగరం ఒడ్డు నుంచి ఉత్తరంగా’ అని ఒక ముక్క రాసుకుంటే అదే పని జరుగుతుంది.

ఎత్తు సంగతి మాత్రం వింతగా ఉంటుంది. కొన్ని పరికరాలు, కొన్ని యాప్‌లు విజయవాడలో ఎత్తును మైనస్‌లో చూపిస్తాయి. ఊరు మునిగిపోయిందని కాదు! జీపీఎస్ భూమిని నున్నటి గుడ్డు ఆకారంగా ఊహించి దాని మీద లెక్క వేస్తుంది. అసలు సముద్రమట్టం, భూమ్యాకర్షణలో తేడాల వల్ల, దక్షిణ భారతంలో ఆ ఊహారేఖ కంటే బాగా కిందికి ఉంటుంది. మన దగ్గర ఆ తేడా డెబ్భై, ఎనభై మీటర్లు. మంచి పరికరాలు దీన్ని సరిచేసి చూపిస్తాయి, కొన్ని చేయవు. పైగా అడ్డంగా వచ్చే తప్పు కంటే ఎత్తులో వచ్చే తప్పు ఎప్పుడూ ఎక్కువే. ఎత్తు అంకెను క్యాప్షన్‌లో వాడకండి.

సమయం చూసి కూడా కొందరు టెన్షన్ పడతారు. సాయంత్రం 6 గంటలకు తీసిన ఫోటోలో జీపీఎస్ సమయం 12:30 అని ఉంటుంది. అది ప్రపంచ ప్రామాణిక సమయం, మనది దానికంటే అయిదున్నర గంటలు ముందు. వాడిన పరికరం కొన్నవాళ్లు మాత్రం తేదీని కూడా చూసుకోవాలి. జీపీఎస్ సిగ్నల్‌లో వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు తెస్తారు. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. పాత పరికరాల్లో కొన్ని ఇది అర్థం చేసుకోలేక, దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లిన తేదీ చూపిస్తాయి. చోటు సరిగ్గానే చెప్తాయి. మీది అలాంటిదైతే, జీపీఎస్ నుంచి కెమెరా టైము సెట్ చేసే ఆప్షన్ ఆపేయండి, సరిపోతుంది.

ఉండవల్లి చేరాక గుహల ముందు ఆరుబయట నిలబడి ఒక ఫోటో తప్పకుండా తీయండి. లోపలికి వెళ్లాక సిగ్నల్ ఉండదు. పవళించి ఉన్న అనంతపద్మనాభస్వామి ముందు నిలబడి ఎంతసేపు ఎదురుచూసినా, నెత్తి మీద అంత కొండ ఉండగా శాటిలైట్లు దొరకవు. అప్పుడు కొన్ని పరికరాలు లొకేషన్ ఏమీ రాయవు, కొన్ని చివరిసారి దొరికినదాన్నే కాసేపు రాస్తూ ఉంటాయి. మీది ఏ రకమో తెలుసుకోవడానికే ఈ గుహ. స్తంభాల వరుసలో లోపలికి వెళ్తూ, అంచున ఒకటి, నడిమధ్య ఒకటి, గోడ దగ్గర ఒకటి తీసి, మూడింటి అంకెలూ చూడండి. అంకెలు లేని ఫోటోలకు బయట తీసిన ఫోటో నుంచి లొకేషన్ కాపీ చేసుకోవచ్చు, అది కంప్యూటర్ పని. విజయవాడ వన్‌టౌన్ ఇరుకు సందుల్లో ఇబ్బంది ఇంకో రకం: సిగ్నల్ ఉంటుంది గానీ మేడల గోడలకు తగిలి తిరిగొస్తుంది. దాంతో మ్యాపులో మీ చుక్క పక్క వీధిలోకి దూకుతుంది. అంకెలు లేకపోవడం కంటే ఇది ప్రమాదం, తప్పని తెలియదు కాబట్టి.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. జీపీ-1ఎకు సొంత బ్యాటరీ లేదు, కెమెరాదే తింటుంది. జీపీ-ఈ2లో ఒక ఏఏ సైజు పెన్సిల్ సెల్ వేయాలి. రెండో సెల్ జేబులో ఉంచుకోండి.

చివరగా, కొత్త పరికరం రాగానే అందరూ చేసే పని, మేడెక్కి డాబా మీద నుంచి ఓ ట్రయల్ ఫోటో తీయడం. దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టారంటే ఇంటి అడ్రస్ ఊరందరికీ ఇచ్చినట్టే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో లొకేషన్ ఉండదు, కానీ అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. బయట పెట్టే ప్రతి కాపీలోనూ లొకేషన్ తీసేయడం అలవాటు చేసుకోండి, ఒరిజినల్‌లో ఉండనివ్వండి. పక్షుల ఫోటోలు తీసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉప్పలపాడు కొంగల చెరువు అందరికీ తెలిసిందే, దాచేదేం లేదు. ఎక్కడో పొలంగట్టున కనబడ్డ గుడ్లగూబ గూడు అంకెలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఈ వారం పని: బ్యారేజీ మధ్య నుంచి పడమరగా, ఉత్తరంగా ఒక్కో ఫోటో, సీతానగరం ఒడ్డు నుంచి కొండ ఫోటో, ఉండవల్లిలో బయట ఒకటి, లోపల మూడు. బ్యారేజీ ఫోటోల అంకెలను చేత్తో దశాంశంలోకి మార్చి నోటుపుస్తకంలో రాసుకోండి. కార్డు ఖాళీ చేయకండి. వచ్చే పాఠంలో ఆ గుహ ఫోటోలకు లొకేషన్ అతికిస్తాం. హాట్ షూలో పెట్టేది కొనకుండా ఫోన్లో దారి రికార్డు చేసుకునేవాళ్ల జీపీఎక్స్ ఫైలు (ఏ సమయానికి ఎక్కడున్నారో రాసి ఉండేది) పని కూడా అప్పుడే. వాళ్లు మాత్రం బయల్దేరే ముందు ఫోన్ గడియారం కనబడేలా కెమెరాతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి, రెండు గడియారాల తేడా దాన్ని బట్టే తెలుస్తుంది. స్కూటర్ మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, గడియారంలో ఒక్క నిమిషం తేడాకే చుక్క సుమారు 667 మీటర్లు జరుగుతుంది, అంటే సగం బ్యారేజీ పైనే.