పరీక్షల చదువు – 3వ పాఠం: పుస్తకం మూసి రాయడం

గత పాఠంలో సిలబస్‌ను ఒకసారి కూర్చుని చదవడానికి సరిపడే ముక్కలుగా విడగొట్టుకున్నాం. ఆ జాబితా దగ్గర పెట్టుకోండి. ఈ రోజు అందులోంచి ఒక్క ముక్కే తీసుకుంటాం. జాబితా ఇంకా రాయనివారు పాఠ్యపుస్తకంలో నాలుగైదు పేజీలకు మించని అంశం ఏదైనా ఎంచుకోవచ్చు.

చాలామంది చదివే తీరు ఒకటే. ఒకసారి చదువుతారు, ముఖ్యమనిపించిన చోట గీతలు గీస్తారు, మళ్లీ చదువుతారు. రెండోసారి వాక్యాలు గబగబా సాగిపోతాయి. మూడోసారికి తర్వాత ఏముందో ముందే తెలిసిపోతుంటుంది. ఇక వచ్చేసిందనుకుని పేజీ తిప్పేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. కళ్లెదుట ఉన్న వాక్యం తెలిసినట్టు అనిపించడం వేరు, తెల్లకాగితం ముందు కూర్చుని దాన్ని బయటికి తీయడం వేరు. పరీక్ష హాల్లో పనికొచ్చేది ఈ రెండోదే. (రంగు పెన్నులతో పేజీ అంతా పసుపు పూసేవారికి ఓ మాట: అన్ని వాక్యాలకూ రంగు వేస్తే దేనికీ వేయనట్టే.)

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విద్యార్థులపై పరీక్షించి చూశారు. ఒక వ్యాసాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవాల్సిన సమయంలో గుర్తున్నదంతా కాగితం మీద పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారే కాస్త ముందున్నారు. వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. రెండుసార్లు చదివినవారికి దాదాపు 42 శాతం గుర్తుంటే, రాసినవారికి 56 శాతం గుర్తుంది. ఆ ఐదు నిమిషాల ఫలితాన్ని తేలిగ్గా తీసుకోకండి. మళ్లీ మళ్లీ చదవడం మనకు నచ్చేది అందుకే. అప్పటికప్పుడు అది నిజంగానే బాగా పనిచేస్తుంది. పరీక్ష మాత్రం ఐదు నిమిషాల తర్వాత ఉండదు.

ఇక పనిలోకి దిగుదాం. ఎంచుకున్న అంశాన్ని ఒక్కసారి, తొందర లేకుండా, అర్థం చేసుకుంటూ చదవండి. గీతలు వద్దు, నోట్సు వద్దు. పుస్తకం మూసి, చేతికి అందనంత దూరంలో పెట్టండి. ఫోను కూడా దాని పక్కనే ఉండాలి. తెల్లకాగితం మీద అంశం పేరు రాసి, గుర్తున్నదంతా సొంత మాటల్లో రాయడం మొదలుపెట్టండి. వరుస తప్పినా ఫరవాలేదు, బొమ్మలు, బాణాలు అయినా సరే. రెండు నిమిషాలకే ఇక ఏమీ లేదనిపిస్తుంది. అప్పుడే లేవకండి. తడుముకుంటూ గడిపే ఆ తర్వాతి నిమిషాలే ఈ పాఠానికి అసలు సరుకు. ఇంకేమీ రాదని తేలాకే పుస్తకం తెరిచి, వేరే రంగు సిరాతో దిద్దుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. గుండెలో రక్తప్రసరణ గురించి చదివిన విద్యార్థి కాగితం ఇలా ఉంది (కర్ణికలంటే గుండె పై గదులు, జఠరికలంటే కింది గదులు): “చెడు రక్తం కుడి కర్ణికలోకి వస్తుంది. అక్కడి నుంచి కుడి జఠరిక. అక్కడి నుంచి ఊపిరితిత్తులు. శుభ్రపడి ఎడమ కర్ణికకు వస్తుంది. ఎడమ జఠరిక నుంచి శరీరమంతటికీ. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ఉంటాయి.”

చదివితే బాగానే ఉంది. దిద్దేటప్పుడు మూడు రకాల లోపాలు బయటపడతాయి. మొదటిది ఖాళీ: ఎడమ జఠరిక నుంచి రక్తాన్ని తీసుకెళ్లే బృహద్ధమని పేరే లేదు, రక్తం వెనక్కి పోకుండా ఆపే కవాటాల ప్రస్తావన లేదు. రెండోది తెగిన లంకె: ఊపిరితిత్తులలో ‘శుభ్రపడటం’ అంటే ఏమిటో రాయలేదు. రక్తం అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి ఆక్సిజన్‌ను తీసుకుంటుందని ఉండాలి. మూడోది తప్పు: చివరి వాక్యం. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే ప్రవహిస్తుంది, తిరిగి తెచ్చే పుపుస సిరల్లోనే ఆక్సిజన్ నిండిన రక్తం ఉంటుంది. ధమని అంటే గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లేది, సిర అంటే గుండెకు తెచ్చేది, అంతే.

ఈ మూడింటిలో నేను ఎక్కువ భయపడేది మూడోదానికే. ఖాళీ ఉన్న చోట తెలియదని మీకే తెలుసు, మళ్లీ చూసుకుంటారు. తప్పు మాత్రం ధీమాగా కూర్చుంటుంది. పుస్తకం ఇంకో పదిసార్లు చదివినా అది దొరకకపోవచ్చు, ఎందుకంటే చదువుతున్నంతసేపూ పుస్తకంలోని సరైన వాక్యానికి మనం తలూపుతూనే ఉంటాం. అందుకే తప్పును కొట్టేసి ఊరుకోకండి, దాని పక్కనే ఒక ప్రశ్న రాయండి: “ధమనుల్లో ఎప్పుడూ ఆక్సిజన్ నిండిన రక్తమే ఉంటుందా?” ఖాళీలకూ అలాగే ప్రశ్నలు రాయండి. జవాబులు మాత్రం రాయవద్దు.

లెక్కల విద్యార్థులకు పద్ధతి కొద్దిగా మారుతుంది. సాధించిన లెక్కను చూస్తూ అర్థమైందనుకోవడం కూడా ఆ పసుపు రంగు లాంటిదే. సాధన మూసేసి, ప్రశ్న మాత్రమే కనిపించేలా పెట్టుకుని మొదటి నుంచీ చేయండి. ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టు దగ్గర గుర్తు పెట్టి, ఆ ఒక్క మెట్టు చూసి, మళ్లీ మూసేయండి.

ఈ పని విసుగ్గా ఉంటుంది, నెమ్మదిగా సాగుతుంది, సగం కాగితం ఎర్రబడితే ఉత్సాహం కూడా తగ్గుతుంది. మొదటి కాగితాన్ని మార్కుల కాగితంలా చూడకండి. అది ఇంకెవరూ చూడరు.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: మూడు అంశాలకు ఇలా మూడు కాగితాలు. ఒక్కోదానికి మరుసటి రోజు, పుస్తకం తెరవకముందే, మీరు రాసుకున్న ప్రశ్నలకు నోటితో జవాబులు చెప్పుకోండి. రానివాటికి చుక్క పెట్టండి. ఆ చుక్కల్ని బట్టి ఏ అంశాన్ని ఎన్ని రోజుల ఎడంతో మళ్లీ పట్టుకోవాలో 4వ పాఠంలో లెక్క వేద్దాం. కాగితాలు పారేయకండి.