కత్తికి పదును ఆగట్లేదా? ఉక్కును తిట్టేముందు వాదర చూడండి

బెజవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ పట్టీతో చేయించుకున్న కత్తయినా, బజార్లో కొన్న స్టీలు చాకైనా, నా దగ్గరికి తెచ్చేవాళ్ళది ఒకటే మాట: "ఉక్కు మంచిది కాదండీ." వాదర, అంటే కత్తి కోసే అంచు, ఎలా ఉందో చూశారా అంటే చూడలేదంటారు. ముందు ఆ పని చెయ్యండి. వాదరను పైకి తిప్పి లైటు కింద పట్టుకోండి. పదునున్నచోట వెలుతురు ఆగదు. తెల్లగా గీత మెరిస్తే అక్కడ మడతపడింది, గంట్లు కనిపిస్తే పెచ్చు ఊడింది.

మడతపడితే: ఉక్కు మెత్తన. వంటింటి స్టీలు చాకులు ఎక్కువగా ఇంతే. సానకడ్డీ మీద నాలుగుసార్లు దువ్వితే లేచి నిలబడుతుంది. గ్రానైట్ గట్టు మీద తరగడం మాత్రం ఈరోజే ఆపండి. చెక్క పలక వాడండి.

పెచ్చులూడితే: ఉక్కు గట్టిది, పని మోటుది. డీ2 అనే పనిముట్ల ఉక్కులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. అరుగుదల తక్కువ, పదును చాలా రోజులు నిలుస్తుంది. కానీ బొమిక మీద కొడితే పెళుసుగా విరుగుతుంది. కమాన్ ఉక్కులో కార్బన్ 0.6 శాతం దగ్గరుంటుంది. దెబ్బకు ఓర్చుకుంటుంది, పదును మాత్రం తొందరగా తగ్గుతుంది. బొమికలు కొట్టడానికి కమాన్, మెత్తటి మాంసానికి డీ2 పెట్టుకోండి. పెచ్చులూడినదాన్ని ఒక్కో పక్క 20, 25 డిగ్రీల వాలుతో మళ్ళీ పట్టండి.

పట్టించిన రోజు బ్రహ్మాండంగా తెగి, మర్నాటికి మొద్దుబారితే: వాదర మీద సన్నటి రేకులాంటి పొర మిగిలిందేమో గోరుతో చూడండి. ఉంటే తోలు మీద దువ్వి తీసెయ్యండి. లేదంటే అసలు దొంగ వేరే. కరెంటు సానచక్రం.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. గుంటూరు నుంచి ఒక మాంసం కొట్టాయన కమాన్ కత్తి తెచ్చాడు. చింతమొద్దు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన కత్తి. ఈమధ్య పూటకోసారి పట్టాల్సొస్తోందన్నాడు. నేను రాయి మీద మూడుసార్లు పట్టిచ్చాను, మూడుసార్లూ వెనక్కి తెచ్చాడు. నాలుగోసారి ఆకురాయి, అంటే ఇనుము రాకే ఫైలు, పెట్టి చూశాను. పిడి దగ్గర జారిపోతోంది, మొన దగ్గర కరుక్కుని పొడి రాలుతోంది. అంటే పిడి దగ్గర గట్టిగానే ఉంది, మొన దగ్గర మెత్తబడింది. అప్పుడడిగితే చెప్పాడు, చక్రం మీద పట్టించానని.

వాదర అంచు కాగితం కన్నా పల్చన. వేడి పోవడానికి దారుండదు. చేతికి గోరువెచ్చగా తగిలేసరికే అంచు కాలిపోయుంటుంది. ఉక్కు 200 డిగ్రీలు దాటితే గడ్డి రంగుకొస్తుంది, 300 దగ్గర నీలం తిరుగుతుంది. అక్కడికి టెంపర్, అంటే కాల్చి తెచ్చిన గట్టిదనం, పోయినట్టే. పాలిష్ కొడితే ఆ రంగు పోతుంది, మెత్తదనం పోదు. కాబట్టి రంగు లేదని నమ్మొద్దు, ఆకురాయినే నమ్మండి.

మందు ఒకటే. కాలిన మేర, మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు, నీళ్ళు పోస్తూ రాయి మీద అరగదీయాలి. ఆయన కత్తికి నాకు పూటంతా పట్టింది. చక్రమే దిక్కయితే వట్టి వేళ్ళతో పట్టుకుని, ప్రతి రాపుకీ నీళ్ళలో ముంచండి.

ఇనప కడ్డీనే కత్తని అంటగట్టడం, కాల్చి ముంచేటప్పుడు బీట పడటం కూడా ఉంటాయి కానీ అరుదు. ఆకురాయి పిడి నుంచి మొన దాకా ఒకేలా కరిస్తేనో, బీట కనిపిస్తేనో మాత్రమే కమ్మరి దగ్గరికి వెళ్ళండి.