విదేశీ సైట్లో కార్డు ఆగిపోతోందా? పేపాల్ వాడితే ఆ చిక్కు పోతుందా?

సమస్య: నంబరు, సీవీవీ సరిగ్గానే కొట్టారు. ఓటీపీ కూడా రాకుండానే ‘డిక్లైన్డ్’ అంటోంది.

చాలాసార్లు ఇందులో అమ్మేవాడి తప్పేమీ ఉండదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల 2020 మార్చి 16 నుంచి కొత్త కార్డులు, రెన్యూ చేసిన కార్డులు మన దేశంలో ఏటీఎం, స్వైపింగ్ మెషీన్ల వాడకానికే తెరిచి వస్తున్నాయి. విదేశీ లావాదేవీల మీట మనమే వేసుకోవాలి. నా కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు ఇదే జరిగింది. రాజమండ్రి రత్నం పెన్నుకి జపాన్ పాళీ తెప్పిద్దామని మూడుసార్లు కొట్టి, ఆ దుకాణదారుకి మెయిల్ పెట్టి విసిగించాను కూడా. తీరా చూస్తే బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’ ఆఫ్‌లో ఉంది!

పరిష్కారం: యాప్‌లో ‘ఇంటర్నేషనల్’, ‘ఆన్‌లైన్’ రెండూ ఆన్ చేయండి. పక్కనే ఉండే లిమిట్ సున్నాలో ఉందేమో చూడండి. కొనడం అయ్యాక మళ్లీ ఆపేయండి, ఎందుకంటే చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. పేపాల్‌కి (మన కార్డు వివరాలు తన దగ్గర ఉంచుకుని, మన తరఫున అమ్మేవాడికి డబ్బు కట్టే ఆన్‌లైన్ సేవ) మారినా ఈ చిక్కు తప్పదు. దాని వెనక ఉండేదీ ఈ కార్డే కదా.

సమస్య: డబ్బు కట్ అయింది, గంటకే ఆర్డరు రద్దయింది.

అమెరికా సైట్లు కొన్ని బిల్లింగ్ చిరునామాలోని అంకెల్ని, జిప్ కోడ్‌నీ కార్డు ఇచ్చిన బ్యాంకుతో సరిచూస్తాయి. మన బ్యాంకుల నుంచి చాలావరకు జవాబు రాదు. డాలస్‌లో ఉన్న బావగారి చిరునామా బిల్లింగ్‌లో పెడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ మాత్రం పేపాల్ పనికొస్తుంది, అమ్మేవాడికి కార్డు వివరాలే చేరవు కాబట్టి. ఆగిన సొమ్ము సాధారణంగా కొన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది.

సమస్య: అనుకున్నదానికంటే బిల్లు ఎక్కువ వచ్చింది.

చాలా కార్డుల మీద ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపుకి బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 100 డాలర్లకు 4.13 డాలర్లు అదనం. పేపాలే రూపాయల్లోకి మారిస్తే దాని లాభం రేటులోనే కలిసిపోతుంది, బిల్లులో విడిగా కనబడదు. ఇలా రూపాయల్లో కట్టినా విదేశీ వ్యాపారి అన్న లెక్కన మళ్లీ రుసుము వేసే బ్యాంకులున్నాయి.

పరిష్కారం: చెల్లింపు పేజీలో కరెన్సీ మార్పిడి ఎంపిక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ చూపించే రూపాయల మొత్తాన్ని, డాలర్ల ధరను ఆ రోజు రేటుతోనూ 1.0413తోనూ గుణించి వచ్చేదానితో పోల్చండి. ఎక్కువైతే మార్పిడిని కార్డు బ్యాంకుకే వదిలేయండి. మార్కప్ తక్కువున్న కార్డుంటే లెక్కే అక్కర్లేదు.

సమస్య: సరుకు రాలేదు, లేదా వేరేది వచ్చింది.

పేపాల్‌లో డబ్బు కట్టిన 180 రోజుల్లోపు డిస్ప్యూట్ (అమ్మేవాడి మీద ఫిర్యాదు) తెరవాలి. అమ్మేవాడు తేల్చకపోతే, తెరిచిన 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా (పేపాలే తేల్చాల్సిన కేసుగా) మార్చాలి, లేకపోతే దానంతటదే మూసుకుపోతుంది. ‘రేపు పంపిస్తా’ అంటూ వాళ్లు సాగదీసేది ఇందుకే. కార్డుతో నేరుగా కడితే బ్యాంకుని ఛార్జ్‌బ్యాక్ (కట్టిన సొమ్మును అమ్మేవాడి నుంచి వెనక్కి తెప్పించడం) అడగాలి, అక్కడ గడువు సాధారణంగా తక్కువ. రెండూ ఒకేసారి పెట్టకండి; బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ పడితే పేపాల్ తన కేసు మూసేస్తుంది.

సమస్య: రీఫండ్ వచ్చింది కానీ తక్కువొచ్చింది.

వెనక్కి వచ్చిన రోజు రేటు వేరు, మార్కప్ తిరిగివ్వని బ్యాంకులే ఎక్కువ. దీనికి మందు లేదు.