కంటి మెలనోమా ముదిరినప్పుడు నాలుగు మందుల కీమో: ముందు ఏం చూసుకోవాలి, ఏ మందు ఎక్కడ దెబ్బ తీస్తుంది

కంటి లోపల పుట్టిన మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) పాకితే, దాదాపు పదిమందిలో తొమ్మిదిమందికి అది చేరేది కాలేయానికే. అప్పుడు వాడిన కలయికల్లో ఒకటి 'బోల్డ్': బ్లియోమైసిన్, వింక్రిస్టిన్, లోమస్టిన్, డకార్బజిన్. కొందరు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా (రోగనిరోధక శక్తిని రేపే మందు) కూడా కలిపారు. దీనితో గడ్డలు కుంచించుకుపోయేది తక్కువమందికే. కాబట్టి ముందు హెచ్‌ఎల్‌ఏ-ఏ 02:01 (పుట్టుకతో కొందరికే ఉండే ఒక కణ ప్రోటీన్ రకం) రక్తపరీక్ష చేయించారా అని డాక్టర్ని అడగండి. పాజిటివ్ అయితే 2022లో అమెరికాలో అనుమతి పొందిన టెబెంటాఫస్ప్ అనే ఇమ్యునోథెరపీ మందు వాడొచ్చు. ప్రధాన ట్రయల్‌లో అది తీసుకున్నవారిలో ఏడాది తర్వాత 73 శాతం బతికున్నారు, పోల్చిన గుంపులో 59 శాతం. జబ్బు చాలావరకు కాలేయానికే పరిమితమైతే మెల్ఫలాన్ అనే కీమో మందుని నేరుగా అక్కడికే పంపే పద్ధతి ఉంది.

కీమోయే అనుకుంటే బ్లడ్ కౌంట్, బిలిరుబిన్ (కాలేయానికి), క్రియాటినిన్ (మూత్రపిండాలకు), ఊపిరితిత్తుల పరీక్ష ముందే కావాలి. వింక్రిస్టిన్ కాలేయం గుండా పోతుంది గనుక డైరెక్ట్ బిలిరుబిన్ డెసిలీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే మోతాదు సగానికి తగ్గిస్తారు. ఈ మందు సిరలోకి మాత్రమే, వెన్నులోకి వెళితే ప్రాణాంతకం. సూది దగ్గర మంట, వాపు కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. మలబద్ధకం వచ్చేదాకా ఆగకుండా విరేచనం మందు మొదటి రోజు నుంచే డాక్టర్ని అడిగి తీసుకోండి.

డకార్బజిన్ వెలుతురు తగిలితే చెడుతుంది. బ్యాగుకు కవర్ వేస్తారు, ద్రవం గులాబీ రంగుకు తిరిగితే ఎక్కించకూడదు. వాంతుల మందు ముందే పడాలి.

బ్లియోమైసిన్ ఇచ్చిన కొన్ని గంటలకు చలిజ్వరం రావచ్చు. అసలు భయం ఊపిరితిత్తులకు: మొత్తం 400 యూనిట్లు దాటితే ముప్పు బాగా పెరుగుతుంది. పొడిదగ్గు, ఆయాసం దాచొద్దు. ఎన్నేళ్ళ తర్వాత ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టర్‌కి ఈ మందు పేరు చెప్పాలి.

అందరూ పొరబడేది లోమస్టిన్ దగ్గరే. చూడ్డానికి మామూలు క్యాప్సూల్, కానీ ఒకే మోతాదు, ఖాళీ కడుపుతో. రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయేది సుమారు 4 వారాలకు, తెల్లకణాలు 5-6 వారాలకు. అందుకే ఈ మందు మళ్ళీ ఇవ్వడానికి కనీసం 6 వారాల ఎడం ఉండాలి, మధ్యలో వారం వారం కౌంట్ చూడాలి. రెండో వారం రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకుండా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండు, మూడు సైకిళ్ళకు (కీమో విడతలకు) స్కాన్ తీస్తారు. కాలేయంలో గడ్డలు పెరుగుతుంటే ఇదే కలయిక కొనసాగించి లాభం లేదు.