వేపనూనె కొట్టినా పురుగు చావలేదా? ముందు నీళ్లు చూడండి

"మూడుసార్లు వేపనూనె కొట్టాం, పురుగు చావలా" అని ఎవరన్నా నేను అడిగేది ఒకటే. ఆకు తిప్పి చూశారా? ఒంగోల్లో మా వీధి మేడ తోటల వాళ్లలో సగం మంది చూడరు. పైనుంచి నాలుగు చుక్కలు చిలకరించి మెట్లు దిగిపోతారు. తెల్లదోమ, పేనుబంక, నల్లి కాపురం ఉండేది ఆకు కిందే. నూనె పురుగు ఉన్న చోట పడితేనే పని చేస్తుంది. నాజిల్‌ను పైకి తిప్పి, కింది నుంచి కొట్టాలి. అదీ సాయంత్రం ఎండ తగ్గాకే. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది, వేపలోని మందు గుణాన్నీ ఎండ తినేస్తుంది. ఇంకో మాట, వేపతో పురుగు అప్పటికప్పుడు రాలి పడదు. తిండి మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది. నాలుగైదు రోజులు ఓపిక పట్టండి.

మిరప ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు. దోనె బోర్లించినట్టు కిందికి తిరిగితే తెల్లనల్లి. నమ్మకం కుదరకపోతే తెల్ల కాగితం మీద కొమ్మ దులపండి, సన్నటి గీతల్లాంటివి పరుగెడితే తామర పురుగులే. రెండిటికీ వేపనూనె పనికొస్తుంది, లీటరుకు 5 మిల్లీలీటర్లు.

అన్నీ సరిగ్గానే చేశారు, అయినా తగ్గలేదు

నేను రెండేళ్లు మోసపోయింది ఇక్కడే. మేడ మీద పన్నెండు వంగ కుండీలు. నూనె కొలత తప్పలేదు, సబ్బు తురుము కలిపా, ఆకు కింద తడిసేలా కొట్టా. వారం తర్వాత చూస్తే మొదటి పది కుండీల్లో తెల్లదోమ హాయిగా ఉంది, చివరి రెండు కుండీల ఆకులు మాత్రం అంచులు మాడి గోధుమరంగుకు తిరిగాయి. నూనె కల్తీదనుకుని కొట్టు మార్చా. మళ్లీ అదే కథ.

ఒకరోజు స్ప్రేయర్ ఆగిపోతే నాజిల్ విప్పా. జల్లెడకు తెల్లగా పెరుగు విరిగినట్టు జిగురు పట్టుకుని ఉంది. మా బోరు నీళ్లతో స్నానం చేస్తే సబ్బు నురగ రాక బకెట్ అంచుకు పేరుకునే తెట్టు కూడా అచ్చం అదే.

సంగతి ఇదీ. మన వైపు చాలా బోర్లలో ఉప్పు నీళ్లు, సున్నం నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని గడ్డ కట్టిస్తాయి. నూనెనూ నీళ్లనూ కలపాల్సిన సబ్బు అక్కడే చచ్చిపోతుంది. ఇక నూనె పైకి తేలుతుంది, స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది. అంటే మొదటి పది కుండీలకు నేను కొట్టింది ఉత్త నీళ్లు. అడుగంటాక మిగిలిన పచ్చి నూనె చివరి రెండిటి మీద పడి ఆకుల్ని కాల్చింది.

మీదీ ఇదేనా అని తేల్చుకోవడానికి ఒక గాజు గ్లాసు చాలు. కలిపిన మందు కొంచెం పోసి పావుగంట కదపకుండా ఉంచండి. పాలలా ఉంటే సరే. పైన నూనె తెట్టు, లోపల తెల్ల పలుకులు కనిపిస్తే అది మొక్కల మీద కొట్టడం దండగ.

మార్గాలు రెండు. కుళాయికి సాగర్ నీళ్లు వచ్చే రోజు రెండు బిందెలు పక్కన పెట్టుకోవచ్చు, అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో వాననీళ్లు పట్టుకోవచ్చు. వేసవిలో ఆ రెండూ దొరకవు కాబట్టి నేను వాడేది కుంకుడు. లీటరుకు నాలుగు కాయలు, గింజ తీసి రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిసికి, గుడ్డలో వడకడతా. కుంకుడు నురగ సున్నం నీళ్లకు విరగదు. ముందు నూనెనూ రసాన్నీ మాత్రమే గిలక్కొట్టాలి, తెల్లగా చిక్కబడ్డాకే కొంచెం కొంచెంగా నీళ్లు పోయాలి. నీళ్లలో నూనె వేసి కర్రతో తిప్పితే కుదరదు. కొట్టేటప్పుడు మధ్యమధ్యలో డబ్బా ఊపుతూ ఉండండి. గిన్నెలు తోమే ద్రవం కూడా గడ్డకట్టదుగానీ ఎక్కువైతే ఆకు మీది మైనం పొర పోతుంది, నాకు అది నచ్చదు. పాలలా కలిసేలా తయారుచేసి అమ్మే వేప మందులకు సబ్బు అక్కర్లేదు, మోతాదు డబ్బా మీద ఉన్నదే.

తగ్గింది, పది రోజులకు మళ్లీ వచ్చింది

మందార కాండం వెంట చీమలు ఎక్కుతున్నాయేమో చూడండి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాస్తాయి, తినడానికి వచ్చే అక్షింతల పురుగును తరిమేస్తాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద ఎత్తి పెట్టండి, గోడకు తగిలే కొమ్మ కత్తిరించండి. ఆ తర్వాతే పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో తోమి నూనె కొట్టండి.

బెండ ఆకు ఈనెలు వలలా పసుపెక్కితే అది పల్లాకు తెగులు, వైరస్. దానికి మందు లేదు, పీకి పారేయండి. తెచ్చిపెట్టేది తెల్లదోమే. కాయ తొలిచే పురుగు లోపలికి దూరాక ఏం కొట్టినా అందదు, ఆ కాయా వాడిన మొవ్వూ తుంచి దూరంగా పూడ్చండి. వేళ్ల మీద బుడిపెలు కట్టే నులిపురుగు కుండీల్లో ఎప్పుడో ఒకసారి వస్తుంది. మట్టి మార్చేయండి, అంతే.