జనం తిరిగే పార్కులో గోల్ఫ్ కోర్సును చూసుకోవడం ఎలా

లండన్ రిచ్‌మండ్ పార్కులో 1923 నుంచీ పబ్లిక్ గోల్ఫ్ కోర్సు ఉంది. అలాంటి చోట పని పొద్దున్నే మొదలవ్వాలి. ముందు గ్రీన్ల మీద, అంటే బంతి పడాల్సిన గుంత చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మీద, మంచు తడి దులపండి, పొడవాటి సన్నటి కర్రతో గడ్డిని అలా నిమిరితే చాలు, ఎందుకంటే ఆకుల మీద తడి ఎంతసేపు నిలిస్తే బూజు తెగులుకు అంత వీలు. గడ్డి గడ్డకట్టి తెల్లగా ఉంటే మాత్రం ఎవర్నీ తొక్కనివ్వకండి, తర్వాత అడుగుల ఆకారంలోనే మాడిపోయి కనిపిస్తుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గ్రీన్ల గడ్డి ఎండాకాలం 4 మిల్లీమీటర్లు అటూ ఇటూ, చలికాలం ఇంకాస్త ఎత్తు. ఆగస్టు చివర్లో నేలకు కన్నాలు పెట్టి ఇసుక నింపండి. ఆటగాళ్లు గొణుగుతారు, అయినా మానొద్దు. బంతి పడి గుంటైతే ఫోర్కుతో అంచుల్ని లోపలికి నెట్టాలి, కిందనుంచి పైకి లేపితే వేళ్లు తెగుతాయి.

పక్కనున్న ఎత్తు గడ్డిని మార్చి నుంచి జులై దాకా ముట్టుకోకండి, స్కైలార్క్ పిట్టలు నేలమీదే గూళ్లు కట్టుకుంటాయి. తర్వాత కోసిందంతా ఎత్తేయండి, అక్కడే వదిలేస్తే కుళ్లి ఎరువై, ముతక గడ్డి బలిసి అడవి పూలను తొక్కేస్తుంది.

నడకదారి ఆట మైదానాన్ని దాటేచోట బోర్డు నడిచేవాళ్లకే కాదు, బంతి కొట్టేవాళ్లకూ కనబడేలా పెట్టండి.